లేవనెత్తే చేతికి లైసెన్సు అక్కరలేదా?

మోటారు వాహనాల చట్టం చదవడం ఎవరికీ సరదా కాదు. నాకూ కాదు. అయితే మా తెలకపల్లి నుండి నాగర్‌కర్నూలు పోయే దారిలోనూ, కల్వకుర్తి దారిలోనూ, మన్ననూరు దాటిన తరువాత వచ్చే శ్రీశైలం ఘాటులోనూ బోల్తా పడ్డ లారీలను, వాటిని లేపడానికి వచ్చే బండ్లను ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చాను. ఆ బండ్లు నడిపేవారిని గురించి చట్టం ఏమంటున్నదో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నాక ఊరుకోలేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సంగతి సూటిగా చెబుతాను. చెడిపోయిన బండిని, పడిపోయిన బండిని ఎత్తి లాక్కుపోయే వాహనాన్ని మనం క్రేన్ అంటాం, రికవరీ వ్యాన్ అంటాం, టోయింగ్ బండి అంటాం. పేరు ఏదైతేనేం, దాన్ని నడిపేవాడికి ఎత్తడం వచ్చునా, కట్టడం వచ్చునా, లాగడం వచ్చునా అని మన కేంద్ర మోటారు చట్టం ఎక్కడా అడగదు. తోలడం వస్తే చాలునంటుంది. ఇది తప్పు అన్నదే నా వాదన.

2004 నవంబరు 5న కేంద్ర ప్రభుత్వం ఒక జాబితా ప్రకటించింది. ఏ బండి రవాణా వాహనమో, ఏది కాదో అందులో వరుసగా రాశారు. రవాణా వాహనాల వైపు చూడండి. లారీలు, ట్యాంకర్లు ఉన్నాయి, సరే. బడి బస్సులున్నాయి, సరే. ఊరూరా తిరిగే పుస్తకాల బండి ఉన్నది. టిఫిన్లు అమ్మే సంచార క్యాంటీను ఉన్నది. పశువుల అంబులెన్సు ఉన్నది. చివరికి శవాలను మోసే బండి కూడా ఉన్నది. మరి టో ట్రక్కులు, బ్రేక్‌డౌన్ వ్యాన్లు, రికవరీ వాహనాలు ఎక్కడున్నాయి? రెండో వైపు, అంటే రవాణాయేతర వాహనాల వైపు. సొంతానికి వాడుకునే మోటారు సైకిలూ, మోపెడ్డూ, కారూ ఉన్న వైపు! క్రేను బిగించిన వాహనాలకూ అక్కడే చోటు. శవాన్ని శ్మశానానికి చేర్చే బండి రవాణా వాహనమట. ఆ శవాన్ని నుజ్జయిన క్యాబిన్‌లో నుండి బయటికి తీయడానికి లారీని పైకెత్తే బండి మాత్రం కాదట.

ఈ విభజన వెనుక ఒక తర్కం లేకపోలేదు. రవాణా వాహనమంటే సరుకునో మనుషులనో మోసే బండి. దానికి పర్మిట్ కావాలి, పన్ను వేరు, ఫిట్‌నెస్ లెక్కలు వేరు. టో బండి సరుకు మోయదు కదా, దాన్ని పర్మిట్ల చిక్కులో ఎందుకు ఇరికించాలి అనుకొని ఉంటారు. పన్ను లెక్కకు, పర్మిట్ లెక్కకు ఆ ఆలోచన బాగానే ఉన్నది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మన చట్టంలో డ్రైవరు అర్హతలు కూడా ఆ గీత వెంబడే నడుస్తాయి. బండిని ఏ గదిలో పడేస్తే దాన్ని నడిపేవాడూ ఆ గదిలోనే పడతాడు.

ఆ గీతకు ఇవతలా అవతలా తేడా ఎంతో చూడండి. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. మిగతా వాటికి 18 చాలు. రవాణా లైసెన్సుకు లెర్నర్ పత్రం కావాలన్నా అంతకుముందు కనీసం ఒక సంవత్సరం తేలికపాటి మోటారు వాహన లైసెన్సు చేతిలో ఉండాలి. వైద్యుడి ధ్రువపత్రం కావాలి. 2019 సవరణ తరువాత రవాణా లైసెన్సు 5 ఏళ్ళకొకసారి కొత్తది చేయించుకోవాలి. రవాణాయేతర లైసెన్సు అయితే, 30 ఏళ్ళ లోపు తీసుకున్నవాడికి 40 ఏళ్ళు వచ్చేదాకా చెల్లుతుంది. అంటే 18వ ఏట కారు లైసెన్సు తీసుకున్న పిల్లవాడు చిన్న టో బండి ఎక్కితే, 22 ఏళ్ళపాటు అతడి కళ్ళు ఎలా ఉన్నాయో, చేతులు ఎలా ఉన్నాయో అడిగే నాథుడు ఉండడు.

చిన్న టో బండి అన్నాను. ఎంత చిన్నది? తేలికపాటి మోటారు వాహనానికి చట్టం పెట్టిన హద్దు 7500 కిలోలు. ఆ హద్దు లోపలి రవాణా వాహనాన్ని నడపడానికి కూడా తేలికపాటి వాహన లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాటను స్థిరపరచింది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. చిన్న వ్యాను తోలుకొని బతికే లక్షల మంది పొట్ట కొట్టకుండా కాపాడిన తీర్పు అది. అలాంటి లైసెన్సులు ఉన్నవారి వల్లనే ప్రమాదాలు పెరిగాయని చూపే లెక్కలు తన ముందుకు రాలేదని కూడా కోర్టు అన్నది. సబబైన మాటే. అయితే ఆ తీర్పు మాట్లాడింది బండి బరువును గురించి. నేను మాట్లాడుతున్నది బండి చేసే పనిని గురించి. 7500 కిలోల లోపు తూగే టో బండి, తన వెనుక వేలాడదీసుకున్న మరో బండితో కలిసి రోడ్డెక్కినప్పుడు అదిక తేలికపాటి వాహనం కాదు. చట్టం మాత్రం లాగే బండినే తూచి, వేలాడే బండిని మరచిపోయింది.

ఇక 7500 కిలోలు దాటిన పెద్ద రికవరీ బండ్ల సంగతి మరీ విచిత్రం. అవి తేలికపాటివి కావు, బరువెక్కువ గనుక. రవాణా వాహనాలూ కావు, జాబితాలో అటువైపు లేవు గనుక. చట్టం 10వ సెక్షనులో చిట్టచివర 'నిర్దిష్ట వర్ణన గల మోటారు వాహనం' అని ఒక గది ఉన్నది. ఇంట్లో ఎక్కడా ఇమడని సామానును అటక మీద పెట్టినట్లు, ఎందులోనూ ఇమడని బండ్లను అందులో పెడతారు. అటక మీది సామానును ఎవరూ రోజూ దులపరు కదా!

ఒక ముచ్చట చెబుతాను. కొంతకాలం కిందట మా బంధువుల కారు ఒకటి రోడ్డు మీద ఆగిపోతే ఒక టో బండిని పిలిపించాం. వచ్చిన అబ్బాయికి ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో. ఒంటరిగా వచ్చాడు. గొలుసు తీసి, బంపరు కింద దూరి, దొరికిన చోట కొక్కెం తగిలించబోయాడు. "తమ్మీ, ఇది ఆటోమేటిక్ గేరు బండి. ముందు చక్రాలు కింద ఆనితే గేర్‌బాక్సు పోతది" అన్నాను. అతడు ఆగాడు. "నాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు. "లైసెన్సు ఉన్నదా?" అని అడిగాను. "ఉన్నది సార్, కారుది. దీనికి వేరే ఉంటదా?" అని నన్నే ఎదురడిగాడు. ఎంత అమాయకమైన ప్రశ్నో, అంత న్యాయమైన ప్రశ్న. వేరే ఉండదు తమ్మీ. ఉండవలసింది, లేదు. ఆ పిల్లవాడిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. అతడికి నేర్పవలసినవారు నేర్పలేదు, అడగవలసినవారు అడగలేదు.

ఈ పనిలో నేర్వవలసింది ఏముంది, కొక్కెం వేసి లాగడమే కదా అనేవారు చాలామంది ఉన్నారు. వారి కోసం కొంత వివరంగా చెబుతాను.

టో బండి తన వెనుక ఇరుసుకు అవతల బరువును ఎత్తుతుంది. తూగుడు బల్ల మీద ఒక కొస కిందికి దిగితే రెండో కొస పైకి లేచినట్లు, వెనుక బరువు పెరిగేకొద్దీ ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. స్టీరింగు తిప్పేదీ ఆ చక్రాలే, బ్రేకుకు పట్టు ఇచ్చేవాటిలో ముఖ్యమైనవీ అవే. సమతల రోడ్డు మీద తెలియని ఈ లోపం ఘాటు మలుపులో ప్రాణం మీదికి తెస్తుంది. ఇక లారీ సంగతి. గాలి బ్రేకుల లారీలో ఇంజను ఆగి గాలి దిగిపోతే వెనుక చక్రాలను స్ప్రింగు బ్రేకులు బిగించి పట్టుకుంటాయి. బయటి నుండి గాలి ఇవ్వాలి, లేదా స్ప్రింగును పద్ధతి ప్రకారం బంధించాలి. ఇది తెలియనివాడు బలవంతంగా లాగితే టైర్లు రోడ్డు మీద రాసుకొని పొగలు కక్కుతాయి. ఇది తెలిసీ తెలియనివాడు వాలు మీద బ్రేకు వదిలిస్తే లారీ వాడి మీదికే వస్తుంది. వెనుక చక్రాలు తిరిగేటట్లు దూరం లాగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి; లేకుంటే నూనె అందక గేర్‌బాక్సు మాడిపోతుంది. బిగిసిన ఉక్కు తాడు పుటుక్కున తెగితే అది కొరడా అవుతుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో తెలియకపోతే కాళ్ళు పోతాయి, తలలు పోతాయి. ఇప్పుడు విద్యుత్ కార్లు కూడా వచ్చాయి. వాటి పొట్ట కింద నారింజ రంగు తీగలలో ప్రవహించేది ఇంట్లో కరెంటును మించిన వోల్టేజి. వీటిలో ఏ ఒక్కటీ కారు లైసెన్సు పరీక్షలో రాదు. అక్కడ అడిగేది గేరు మార్చడం, రివర్సు చేయడం, మలుపులో సంజ్ఞ ఇవ్వడం, ఇలాంటివి. అవీ కావలసినవే. కానీ ఈ పనికి అవి ఓనమాలు మాత్రమే.

పోనీ, ప్రత్యేకమైన పనికి ప్రత్యేకమైన అర్హత పెట్టడం మన ప్రభుత్వానికి చేతకాదా అంటే, చక్కగా చేతనవును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 9వ నియమం చూడండి. పెట్రోలు, ఆమ్లాలు వంటి ప్రమాదకరమైన సరుకు మోసే ట్యాంకరు డ్రైవరు మామూలు లైసెన్సుతో ఆ పని చేయరాదు. మూడు రోజుల శిక్షణ పొందాలి. లైసెన్సు మీద ఆ సంగతి రాయించుకోవాలి. గడువు తీరగానే మళ్ళీ ఒక రోజు పునశ్చరణ శిక్షణకు పోవాలి. దాని వల్ల దేశంలో ట్యాంకర్లు ఆగిపోలేదు. నిర్మాణ పనులకు 1998లో చేసిన కేంద్ర నియమాలలోనైతే, బరువులెత్తే యంత్రాన్ని నడిపేవాడు సమర్థుడై ఉండాలనీ, ఆ పనిలోని ప్రమాదాలు ఎరిగినవాడై ఉండాలనీ రాశారు. భవనం దగ్గర ఇనుప చువ్వలు ఎత్తేవాడికి ఉన్న షరతు, నడిరోడ్డు మీద, పది బండ్లు పక్కనుండి దూసుకుపోతుండగా లారీని ఎత్తేవాడికి ఎందుకు ఉండరాదు?

ఇంకొక చిత్రం. 1989 నాటి రోడ్డు నియమావళిలో లాగడాన్ని గురించి బాగానే రాశారు. తాడు కట్టి లాగితే, లాగబడే బండిలో కూర్చున్నవాడికి ఆ బండి నడిపే లైసెన్సు ఉండాలి. రెండు బండ్ల నడుమ దూరం 5 మీటర్లు దాటరాదు. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. అయితే, క్రేనుతో ముందు చక్రాలను గట్టిగా పైకెత్తి పట్టుకుంటే లోపల ఎవరూ కూర్చోనక్కరలేదు. అంటే వెనుక బండిలోని మనిషి బాధ్యత అంతా అప్పుడు ముందు బండివాడి మీదనే పడుతుందన్నమాట. బాధ్యత బదిలీ అయింది. అర్హత మాత్రం బదిలీ కాలేదు. ఆ నియమావళి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. అవి కూడా బండి ఎలా నడపాలో చెప్పేవే.

చట్టంలోని 127వ సెక్షను పది గంటలకు పైగా వదిలేసిన బండినో, నిలుపరాని చోట నిలిపిన బండినో 'టోయింగ్ సర్వీసు' ద్వారా తొలగించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. ఖర్చు యజమాని భరించాలన్నది. ఇంతా చెప్పి, ఆ టోయింగ్ సర్వీసు అంటే ఎవరో చెప్పలేదు. నా బండిని నా అనుమతి లేకుండా ఎత్తుకుపోయే హక్కు ఇచ్చిన చట్టం, ఎత్తుకుపోయేవాడికి కనీసపు అర్హత పెట్టకపోవడం ఎంత అన్యాయం! ఇలాంటి పని అదుపు లేకుండా సాగితే ఏమవుతుందో బెంగళూరు చూసింది. టోయింగ్ సిబ్బంది తీరు మీద జనం ఆగ్రహం పెల్లుబికి, 2022 ఫిబ్రవరిలో అక్కడ టోయింగునే నిలిపివేయవలసి వచ్చింది. నియమం లేని చోట చివరికి మిగిలేవి రెండే: దౌర్జన్యం, లేదా నిషేధం.

బయటి దేశాల సంగతి ఒక్క మాట. కెనడాలోని ఆంటారియోలో టోయింగు ముఠాల గొడవలు ముదిరి నేరాల దాకా పోయాక, 2021లో ప్రత్యేక చట్టం చేశారు. 2024 జనవరి 1 నుండి టోయింగు నడిపే సంస్థలకు, అదే ఏడాది జూలై 1 నుండి డ్రైవర్లకు ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం టో బండి నడిపేవారికి వేరుగా లైసెన్సు ఇస్తుంది. రోడ్డు పక్కన ఇలా పనిచేసేవారి ప్రాణాల కోసం, ఆగి ఉన్న అత్యవసర వాహనాల దగ్గర వేగం తగ్గించి పక్కకు జరగాలన్న చట్టం అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ ఉన్నది. అక్కడివన్నీ ఇక్కడికి దిగుమతి చేయమని అనను. అడగవలసిన ప్రశ్నను వారు అడిగారు, మనం అడగలేదు అంటున్నాను.

ఇక అభ్యంతరాలకు వస్తాను. అవి నాకు తెలియనివి కావు.

మొదటిది: "ఇంకొక లైసెన్సు అంటే ఇంకొక లంచం. ఏజెంట్లకు పండుగ." నిజమే, భయం అబద్ధం కాదు. కానీ లంచానికి భయపడి అర్హతను వద్దనుకుంటే, దొంగకు భయపడి ఇంటికి తలుపే వద్దనుకున్నట్లు. పరీక్షను కార్యాలయంలోని బల్ల దగ్గర కాక బహిరంగంగా మైదానంలో, కెమెరా ముందు, నిజమైన బండిని ఎత్తించి పెట్టండి. గొలుసు సరిగా కట్టినవాడు నెగ్గుతాడు, కట్టనివాడు ఓడుతాడు. దీనిలో ఏజెంటుకు పని తక్కువ.

రెండవది: "పాలమూరు పిల్లల పొట్ట కొడతారా?" ఈ మాట నాకు గట్టిగా తగులుతుంది. వలసలకు పేరుపడ్డ నేల మాది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అట్టడుగున ఉన్నాం. అందుకే, నేను చదువు అర్హత పెట్టమనడం లేదు. రవాణా డ్రైవరుకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలన్న నియమాన్ని 2019లో ఎత్తివేశారు; మంచి పని చేశారు. నేను అడిగేది చేతి విద్యకు పరీక్ష. తాడు ఎక్కడ కట్టాలో తెలియడానికి అక్షరాలు అక్కరలేదు, నేర్పే గురువు కావాలి. పైగా, తాడు తెగినప్పుడు ముందు పోయే ప్రాణం ఆ పాలమూరు పిల్లవాడిదే. శిక్షణ వద్దనడం వాడి పొట్ట నింపడం కాదు, వాడి మెడ మీద కత్తి వేలాడదీయడం.

మూడవది: "ఆపదలో ఉన్నప్పుడు లైసెన్సు చూస్తూ కూర్చుంటామా? దగ్గరున్న జేసీబీయే కదా ముందు వచ్చేది." అవును, క్యాబిన్‌లో మనిషి నలుగుతున్నప్పుడు ఊరివాళ్ళు ఏది దొరికితే దానితో లాగుతారు, లాగాలి. వారిని ఏ చట్టమూ శిక్షించరాదు. నేను మాట్లాడుతున్నది డబ్బు తీసుకొని ఇదే వృత్తిగా చేసేవారిని గురించి. పక్కింటి అమ్మ వేడినీళ్ళు కాచి ఇస్తే మంత్రసాని సర్టిఫికెట్ అడగం. ఆసుపత్రి బోర్డు పెట్టినవాడిని అడుగుతాం.

అందుచేత నా కోరికలు ఇవి:

1. టో బండ్లను పర్మిట్ల గొడవలోకి లాగవద్దు. 2004 జాబితాలో ఉన్నచోటనే ఉండనివ్వండి. కానీ, ట్యాంకరు డ్రైవరుకు పెట్టినట్లే, వాటిని నడిపేవాడి లైసెన్సు మీద ఒక ప్రత్యేక నమోదు తప్పనిసరి చేయండి. వయసు 20, కనీసం ఏడాది డ్రైవింగు అనుభవం, వైద్య పరీక్ష, కొన్ని రోజుల ఉచిత శిక్షణ. నిర్ణీత కాలానికి ఒకసారి పునశ్చరణ.

2. ఇప్పటికే ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవారికి శిక్షణ మినహాయించి, చేతి పరీక్ష మాత్రం పెట్టి నమోదు ఇవ్వండి. వారిలో గొప్ప పనివాళ్ళు ఉన్నారు. వారినే గురువులుగా పెట్టండి.

3. ఢిల్లీ కదిలేదాకా హైదరాబాదు ఆగనక్కరలేదు. రోడ్ల మీద చెడిపోయి నిలిచిన వాహనాలను, వాటి సరుకును తొలగించి భద్రపరచడం గురించి నియమాలు చేసే అధికారం 138వ సెక్షను రాష్ట్రానికి ఇచ్చింది. పోలీసులు పిలిచే ప్రతి టోయింగ్ బండికీ శిక్షణ పొందిన డ్రైవరు, తోడుగా ఒక సహాయకుడు, మెరిసే చొక్కాలు, హెచ్చరిక దీపాలు, బండి మీద రాసిన ధరల పట్టిక ఉండాలని అందులో రాయవచ్చు.

4. శిక్షణ జిల్లాలోనే ఉండాలి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో మంచి డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉన్నది. కానీ మా తెలకపల్లి వాడు హైదరాబాదు దాటి అంత దూరం పోయి, కూలి పోగొట్టుకొని నేర్చుకుంటాడా? నాగర్‌కర్నూలు, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూరులలో ఆర్టీసీ డిపోలున్నాయి. చెడిన బస్సును దారిలో నుండి డిపోకు చేర్చడం ఎలాగో తెలిసిన మెకానిక్కులు ఆ డిపోలలో ఉన్నారు. ఐటీఐలున్నాయి. ఒక పాత బస్సు, ఒక పాత లారీ, కొంత ఖాళీ స్థలం ఉంటే బడి మొదలవుతుంది.

ఎందుకింత పట్టుదల అంటారా? 2022లో ఈ దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ప్రమాదాలు ఇన్ని లక్షలైనప్పుడు, పడ్డ బండిని ఎవరో ఒకరు వచ్చి తీయవలసిన సందర్భాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. మా జిల్లా సంగతే చూడండి. అమ్రాబాద్ అడవిలో మన్ననూరు నుండి దోమలపెంట దాకా రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు వాహనాలను పోనివ్వరు. పొద్దుగూకే వేళ ఘాటులో చెడిన బండిని గేటు మూసేలోగా బయటికి తేవాలన్న తొందర ఒకవైపు, చీకటి మలుపులు ఒకవైపు. కల్వకుర్తి నుండి నాగర్‌కర్నూలు, కొల్లాపూరుల మీదుగా కృష్ణ దాటి నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారి రూపు దిద్దుకుంటే మా దారుల మీద బండ్లు ఇంకా పెరుగుతాయి. రోడ్డు వెడల్పు చేయడానికి డబ్బు ఉన్న ప్రభుత్వానికి, ఆ రోడ్డు మీద పడ్డవాడిని లేపేవాడికి విద్య నేర్పడానికి డబ్బు లేదంటే నేను నమ్మను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. ఏదో ఒక రోజు ఒక పెద్ద ప్రమాదం జరుగుతుంది. గొలుసు తెగుతుంది, వేలాడుతున్న లారీ వెనుక వచ్చే ఆటో మీద పడుతుంది. అప్పుడు విచారణ సంఘం వేస్తారు. డ్రైవరుకు లైసెన్సు ఉన్నదా అని మొట్టమొదట అడుగుతారు. ఉన్నదని తేలుతుంది. చట్టం అడిగినదంతా అతడి జేబులోనే ఉంటుంది. అప్పుడు బోనులో నిలబడవలసింది అతడు కాదు, అంతకుమించి ఏమీ అడగని ఆ చట్టం.